దేవునికి దగ్గరగా, మనిషికి దూరంగా ఉండగలమా?

పాడేరు, అరకు వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ మానుకు మిరియాల పాదు పాకించడం మన పిల్లలకు కూడా తెలిసిన పనే. ఆ పాదు కణుపు కణుపుకీ చిన్న వేర్లు వేసి, మానును పట్టుకుంటూ పైకి పోతుంది. పట్టు దొరకని తీగ నేలమీద పాకుతుంది, ఆకులూ వేస్తుంది, కానీ కాపు కాయదు. యోహాను సువార్త 15వ అధ్యాయంలో యేసు ద్రాక్షావల్లిని, తీగెలను గూర్చి చెప్పాడు. నేను ద్రాక్షతోట చూసి ఎరగను. ఆయన మాట నాకు మిరియాల పాదు దగ్గర అర్థమైంది. మనకు ఒక్కొక్క రోజూ ఒక్కొక్క కణుపు. ఏ రోజు పట్టు ఆ రోజే పట్టుకోవాలి.

నిర్గమకాండం 16వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు మన్నాను ఏ రోజుకు ఆ రోజు ఏరుకున్నారు. విశ్రాంతి దినం కోసం ఉంచినది తప్ప, మర్నాటికి దాచినది పురుగు పట్టింది. ఆదివారం విన్న ప్రసంగంతో వారమంతా గడుపుదామనుకోవడం కూడా అలాంటిదే.

"మాకు తీరిక ఎక్కడిది మాస్టారూ?" అని యువకులు అడుగుతారు. తెల్లవారకముందే నీళ్లకు, కట్టెలకు వెళ్లే పిల్ల అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. 17వ శతాబ్దంలో పారిస్ నగరంలో బ్రదర్ లారెన్స్ అనే సన్యాసి మఠం వంటగదిలో ఏళ్ల తరబడి పనిచేశాడు. ప్రార్థన వేళ ఎలాగో, గిన్నెల చప్పుడు మధ్య కూడా అలాగే దేవుని ఎదుట ఉండవచ్చని ఆయన అనుభవం. అయితే యేసు చీకటితోనే లేచి, ఏకాంతంగా వెళ్లి ప్రార్థించాడని మార్కు సువార్త చెబుతుంది. కాబట్టి కొద్దిసేపు ఏకాంతమూ కావాలి, మిగతా రోజంతా పనిలో దేవుని జ్ఞాపకమూ కావాలి.

ఇంతవరకు బోధించడం సులువు. నేను తడబడింది ఆ తర్వాతే.

ఒక ఏడాది ఇటుకల పండుగకు మా పెదనాన్న కొడుకు నన్ను భోజనానికి పిలిచాడు. ఆ మొక్కుబడి కూడు తినకూడదని నా మనస్సాక్షి. తినను అని నెమ్మదిగా చెబితే సరిపోయేది. కానీ పదిమందిలో ఆయన పూజను ఎగతాళి చేసి వచ్చాను. తర్వాత రెండేళ్లు మా మధ్య మాటల్లేవు. ఆ రెండేళ్లలో నేను ఒక్క ఉదయం కూడా ప్రార్థన మానలేదు. ఎదుగుతున్నాననే అనుకున్నాను.

మత్తయి సువార్త 5వ అధ్యాయం చదువుతున్నప్పుడు ఒక మాట తగిలింది. అర్పణ తెచ్చినవాడికి తన సహోదరుని మనస్తాపం గుర్తొస్తే, ముందు వెళ్లి సమాధానపడి, ఆ తర్వాత వచ్చి అర్పించాలట. ఆ పేజీ తిప్పేశాను. మర్నాడు ముందుకు చదవబోయినా మనసు అక్కడే ఆగిపోయింది. అక్కడ ఉన్నది సహోదరుడని, మందిరానికి వచ్చే సహోదరుడని కాదు.

ఆ సాయంత్రం వెళ్లాను. "అన్నా, ఆ రోజు నేను అన్నది తప్పు" అన్నాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. చాపమీద కూర్చోమన్నాడు. వదిన చోడి అంబలి పోసింది. పాత చనువు ఇంకా పూర్తిగా రాలేదు. ఆయన పూజ ఆయనది, నా ప్రార్థన నాది. కానీ ఇప్పుడు ఒకరి గడప ఒకరు తొక్కుతున్నాం.

కూడు తినకపోవడం నా విశ్వాసం. అన్నను చిన్నబుచ్చడం నా అహంకారం. రెండింటినీ ఒకటే అనుకోవడమే నా తప్పు. కొందరు తగువు రాకూడదని విశ్వాసాన్నే దాచుకుంటారు, అదీ సరికాదు. మన నమ్మకాన్ని నిటారుగా నిలబెట్టుకుంటూనే ఎదుటివారి ముందు తల వంచడం నేర్చుకోవాలి. అది ఒక్క ప్రార్థనతో రాదు, రోజూ చేస్తే వస్తుంది.

బడిలో నేను మతం బోధించను, అది నా ఉద్యోగం కాదు. కానీ ఉదయం దేవునితో మాట్లాడి వచ్చిన మాస్టారు, గెడ్డ దాటి తడిసి ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి ఏమంటాడో తరగతి అంతా చూస్తుంది. అందుకే రాత్రి పడుకునే ముందు ఎంతసేపు ప్రార్థించానని లెక్క వేసుకోను. ఈ రోజు ఎవరి మనసు నొప్పించాను, రేపు ఎవరి దగ్గరికి వెళ్లాలి అని దేవుని అడుగుతాను. కొన్ని రాత్రులు ఆ జవాబు నాకు ఇష్టం ఉండదు. అయినా తెల్లారాక వెళ్లాలి.