వైద్యం అడగడం హక్కా? తృష్ణా?



ఏళ్ల తరబడి నడుంనొప్పితోనో కీళ్లనొప్పులతోనో బాధపడేవాళ్లు మన వాడల్లో చాలామందే ఉన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చాక వాళ్లనే మాట మీరు వినే ఉంటారు: "నన్నెవరూ పట్టించుకోలేదు. నాకు నయం చెయ్యాల్సిన బాధ్యత వాళ్లకు లేదా?" పక్కవాళ్లేమో "ఎంత చేసినా ఈయనకు తృప్తి లేదు" అంటారు. ఇందులో న్యాయం ఎవరిది?

ముందు ఆ కోపం ఎక్కడ పుడుతుందో చూద్దాం. గాయం మానిపోయినా నరాలు ప్రమాద సంకేతాలు పంపుతూనే ఉండొచ్చు. స్కానింగులో ఏమీ కనపడదు. "నీకేం లేదు, పో" అంటారు. నొప్పి పడేవాడికి ఆ మాట "నువ్వు అబద్ధాలాడుతున్నావ్" అన్నట్టే వినిపిస్తుంది. నమ్మించుకోడానికి రెండోసారి గొంతు పెంచుతాడు. మరోపక్క పని పోయింది, కూలి పోయింది, ఇంట్లో తన మాటకు విలువ పోయింది. వీటన్నిటికీ ఎవరో ఒకరు జవాబు చెప్పాలనిపిస్తుంది. తరతరాలుగా గడప బయట నిలబెట్టిన జనానికైతే, ఓపీ వరుసలో కసిరిన కసురు పాత గాయం మీదే తగులుతుంది.

కాబట్టి "పూర్వజన్మ కర్మ, ఓర్చుకో" అనడం ధమ్మం కాదు. అలాంటి కర్మ సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో తిరస్కరించారు. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీల సంఘం సభ్యుణ్ణి ప్రభుత్వ ఆసుపత్రులు చేర్చుకోలేదు. సకాలంలో వైద్యం అందించకపోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు భంగమని 1996లో సుప్రీంకోర్టు ఆ కేసులో తేల్చింది. అడగడం మన హక్కు. అడగండి.

అయితే వైద్యం పొందే హక్కు వేరు, నొప్పి పూర్తిగా పోతుందన్న హామీ వేరు. "ఇప్పుడే పోవాలి, నేనడిగిన ఇంజెక్షనే ఇవ్వాలి" అన్నప్పుడు హక్కు పక్కకు జరిగి తృష్ణ కూర్చుంటుంది. ఒంటికి తగిలిన బాణం ఒకటైతే, మనసుతో మనమే గుచ్చుకునే బాణం రెండోదని తథాగతుడు సల్ల సుత్తంలో వివరించాడు. "నాకే ఎందుకిలా" అని రాత్రంతా నెమరేస్తే నిద్ర పోతుంది, కండరాలు బిగుస్తాయి, నొప్పి ఇంకా పెరుగుతుంది.

విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడివున్న ఒక భిక్షువును బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా కడిగి, మంచం మీద పడుకోబెట్టిన సంగతి వినయపిటకంలో ఉంది. ఆ సందర్భంలోనే ఆయన ఇద్దరికీ బాధ్యతలు చెప్పాడు. సేవ చేసేవాడు లాభం కోసం చెయ్యకూడదు, మలమూత్రాలకు అసహ్యపడకూడదు. రోగి మందు వాడాలి, పథ్యంలో మితం పాటించాలి, తన బాధను ఉన్నదున్నట్టు చెప్పాలి, ఓర్పు పట్టాలి. ఒకరి బాధ్యత చూపించి ఇంకొకరు తప్పించుకునే వీల్లేదు.

ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు నొప్పి ఎప్పుడు వస్తుందో, దేనికి పెరుగుతుందో కాగితం మీద రాసుకుని వెళ్లండి. పెంచి చెప్పకండి, దాచకండి. చూడకుండా పంపేస్తే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. ఇంటికొచ్చాక ఆ కోపాన్ని పక్కలోకి తీసుకెళ్లకండి. మీ ఇంట్లో నొప్పి పడేవాళ్లుంటే, ముందు వాళ్ల మాట నమ్మండి. కరుణ అక్కడే మొదలవుతుంది.

నమో బుద్ధాయ.