వద్దన్న రోగి మాట వినాలా?

కాలు విరిగితే కట్టు కట్టించుకుంటాం. మనసు కుంగితే మాత్రం "ధైర్యంగా ఉండు, అదే పోతుంది" అంటాం. మన బీదర్‌లోనూ అంతే. కానీ డిప్రెషన్ కూడా జబ్బే. దానికి కౌన్సెలింగ్ ఉంది, మందులున్నాయి. వాటితో తగ్గకపోతే అయస్కాంత శక్తితో మెదడును ప్రేరేపించే చికిత్స ఉంది. అమెరికా దాన్ని 2008లో అనుమతించింది. 1938లో రోమ్‌లో మొదలైన కరెంటు చికిత్స కూడా ఉంది. సినిమాల్లో దాన్ని శిక్షలా చూపిస్తారు. నిజానికి మత్తుమందు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా అది చేయకూడదని మన దేశపు 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్తోంది.

ఇక్కడే నాకొక ప్రశ్న వచ్చింది. "నాకేం వద్దు, నేను బాగుపడను" అని రోగి అంటే, ఆ మాట అతనిదా, జబ్బుదా? బలవంతం చేస్తే అతన్ని అవమానించినట్టు. వదిలేస్తే ప్రాణానికే ముప్పు రావచ్చు. ఆ చట్టమే ఒక దారి చూపింది. తనకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో పెద్దవాళ్లు ముందుగానే రాసిపెట్టుకోవచ్చు.

అలా రాసిపెట్టనివాళ్లే ఎక్కువ. వాళ్లకు భయపెట్టకుండా అన్నీ వివరంగా చెప్పి, ఓపికగా మళ్లీ మళ్లీ అడగాలని నా అభిప్రాయం. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉంటే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. అది ఉచితం.