పాత ఆటయు క్రొత్త యంత్రమును

ఆట యనునది పసివారి సొత్తనియు, పెద్దలు దానిని గూర్చి ఆలోచించుట కాలహరణమనియు తలచువారు కలరు. కాని మనుష్యుని స్వభావము పనిలోకంటె ఆటలో ఎక్కువగా బయటపడును. పనిలో జీతము, పై అధికారి, లోకభీతి మొదలైనవి మనిషిని కట్టుబాటులో నుంచును. ఆటలో అట్టి నిర్బంధములు లేవు. అక్కడ నియమమును పాటించువాడు తన యిష్టముచేతనే పాటించును. అందుచేత ఆటను గూర్చిన ప్రశ్న కొంతదూరము పోవునప్పటికి ధర్మమును గూర్చిన ప్రశ్న యగుచున్నది.

మా యెరుకలో హొసూరు, కృష్ణగిరి పట్టణములందలి కొన్ని తెలుగిండ్లలో ఇప్పుడొక విశేషము కనబడుచున్నది. 1990 ప్రాంతమున బాలురై యుండి, టి.వి. ముందు కూర్చుండి వీడియో ఆటలాడినవారు నేడు తండ్రులైరి. వారిలో పలువురు ప్రతిదినము బెంగుళూరు ఎలక్ట్రానిక్ సిటీకి ఉద్యోగమునకై పోయి వచ్చుచు, సెలవునాడు తమ బిడ్డలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ పాత ఆటలనే క్రొత్త యంత్రములపై ఆడుచున్నారు. చూచుచున్న తాతలకు ముచ్చటగనే యున్నది. ఐనను ఆ ముచ్చట వెనుక మూడు ప్రశ్నలు కలవు. క్రొత్త యంత్రముపై ఆడునది నిజముగా ఆ పాత ఆటయేనా? క్రొత్త యంత్రమిచ్చు వెసులుబాటులను వాడుకొనుట న్యాయమేనా? ఇతరుల సొత్తైన ఆటను నకలు తీసికొని ఆడవచ్చునా?

ముందుగా ఆ యాటలెట్టివో చెప్పవలెను. జపాను దేశపు నింటెండో సంస్థ 1983లో ఇంటి టి.వి.కి తగిలించు ఆటల యంత్రము నొకదానిని విడుదల చేసెను. 1985లో వచ్చిన మారియో ఆట దానిపైననే లోకప్రసిద్ధమయ్యెను. మన దేశమున మధ్యతరగతి యిండ్లకు చేరినవి చాలవరకు దానిని పోలిన చౌక యంత్రములు. ఆట నిక్షిప్తమైన ప్లాస్టిక్ బిళ్లను మనవారు క్యాసెట్టు అనిరి. కొన్ని క్యాసెట్లపై వేలకొలది ఆటలు కలవని అచ్చువేసి యుండును. తీరా తగిలించి చూడగా కొద్ది ఆటలే పేర్లు మార్చుకొని మరల మరల వచ్చెడివి. క్యాసెట్టు పలుకకున్నచో దానిలో నోటితో ఊదుట, తీసి మరల పెట్టుట, ఇవియే నాటి వైద్యములు.

ఆ యంత్రములలో అనేకము నేడు పాడైనవి. బాగుగా నున్నవాని తీగెలకు తగిన రంధ్రములు కొన్ని క్రొత్త టి.వి.లలో లేనే లేవు. కావున ఎమ్యులేటరు అను సాధనము అవసరమైనది. పాత యంత్రము ఏ పనిని ఏ క్రమమున చేసెడిదో, ఆ పనిని ఆ క్రమముననే క్రొత్త కంప్యూటరుచేత చేయించు ఏర్పాటే ఎమ్యులేటరు. నాణెము వేసి ఆడు పాత ఆటలను కాపాడుటకై మేమ్ అను ఎమ్యులేటరు 1997లో వెలువడెను. 2016లో నింటెండో సంస్థయే తన 30 పాత ఆటలను ఒక చిన్న పెట్టెలో నమర్చి అమ్మెను. 2024లో ఆపిల్ సంస్థ తన ఫోనులలో ఇట్టి సాధనములకు అనుమతి నిచ్చెను.

మేము తాలూకా కచ్చేరిలో గుమాస్తాగా నుండి చాలకాలము నకళ్లు వ్రాసినవారము. అసలు పత్రములో అక్షరదోషమున్నను, లెక్కలో పొరపాటున్నను, నకలు వ్రాయువాడు దానిని దిద్దరాదు. ఉన్నదున్నట్లు వ్రాసి, అసలుతో సరిచూచి, సంతకము చేయవలెను. దిద్దిన నకలు చూపునకెంత చక్కగా నున్నను సాక్ష్యమునకు పనికిరాదు. పాత ఆటల విషయమునను ఈ న్యాయమే చెల్లునని మాకు తోచుచున్నది.

1978లో జపానున నిషికాడో టొమోహిరో రూపొందించిన స్పేస్ ఇన్వేడర్స్ అను ఆటను చూడుడు. వరుసలుగా దిగివచ్చు శత్రువులను ఆటగాడు క్రిందనుండి కూల్చవలెను. నాటి యంత్రమునకు శక్తి తక్కువ. తెరనిండ శత్రువులున్నప్పుడు వారినందరిని కదలించుటకు దానికి చాల సమయము పట్టెడిది. శత్రువులు తగ్గినకొలది భారము తగ్గి, మిగిలినవారు వేగముగా కదలెడివారు. ఇది యంత్రము యొక్క అశక్తతవలన కలిగిన ఫలము. ఐనను ఆయన దానిని దిద్దక ఆటలో భాగముగా నుంచెను. చివరి శత్రువు పరుగెత్తునప్పుడు కలుగు ఆందోళనయే ఆ యాటకు ప్రాణమైనది. నేటి యంత్రము వేలరెట్లు వేగము గలది. అది ఆ యాటను సరిగా చూపవలెనన్న, బుద్ధిపూర్వకముగా మెల్లగా నడువవలెను. తండ్రి పసివానిని వెంటబెట్టుకొని నడచునపుడు తన అడుగు తగ్గించుకొనును గదా! అట్లే 1980 నాటి ప్యాక్‌మ్యాన్ ఆటలో 256వ మెట్టు చేరునప్పటికి, ఆ సంఖ్య యంత్రపు లెక్కకు మించినదగుటచే, తెరలో కుడిసగము చెదరిపోవును. మంచి ఎమ్యులేటరు ఆ చెదరుటను గూడ ఉన్నదున్నట్లు చూపును. దిద్దరాదను గుమాస్తా ధర్మమును ఇక్కడ యంత్రము పాటించుచున్నది.

నకలుకు లొంగనివియు కొన్ని కలవు. 1984 నాటి డక్ హంట్ అను బాతుల వేట ఆటకు తుపాకివంటి సాధనమొకటి యుండెను. మీట నొక్కినంతనే తెర ఒక్క క్షణము నల్లనై, బాతున్నచోట తెల్లని గుర్తు వెలుగును. తుపాకిలోని కన్ను ఆ వెలుగును కనిపెట్టును. ఇదంతయు గాజుగొట్టపు టి.వి. వేగమునకు కుదిరిన ఏర్పాటు. పలుచని క్రొత్త తెరలు బొమ్మను చూపుటలో కొంచెము ఆలస్యము చేయును గనుక వానిముందు ఆ తుపాకి గ్రుడ్డిదగును. దానితోనే ఆడవలెనన్న పాత టి.వి.ని వెదకి తెచ్చుకొనవలెను.

దీని ప్రక్కన మన పులి మేక ఆటను పెట్టి చూడుడు. గుడి బండపై చెక్కినను, అరుగుపై బొగ్గుతో గీచినను, ఫోనులో చూపినను మూడు పులులు, పదునైదు మేకలు. మన పొరుగున తమిళులు దానిని ఆడుపులి ఆట్టమందురు. కన్నడిగులు ఆడు హులి ఆట యందురు. పేరు మారినది, పలక మారినది, ఆట మారలేదు. ఏలయన ఆ యాట పలకలో లేదు, నియమములో నున్నది. కావున మొదటి ప్రశ్నకు మా సమాధానమిది. నియమమును, ఆ నియమమువలన కలుగు కష్టమును నిలిచియున్నంతవరకు, ఏ యంత్రముపైనను ఆట అదియే. బాతుల వేటవలె యంత్రమే నియమములో చేరిపోయినచోట మాత్రము కొంత నష్టమును ఒప్పుకొనక తప్పదు.

రెండవ ప్రశ్న ఇంతకంటె కఠినము. నాటి ఆటలలో ఆటగానికి సాధారణముగా మూడు ప్రాణములే. అవి పోయిన మొదటినుండి ఆడవలెను. నడుమ కరెంటు పోయినను అంతే. నేటి ఎమ్యులేటరులో ఎక్కడనైనను ఆటను నిలిపి దాచుకొనవచ్చును. గోతిలో పడినచో కాలమును వెనుకకు త్రిప్పి, పడకముందున్న చోటినుండి మరల దుముకవచ్చును. ఇట్లు చేయువాడు చెప్పు మాట యేమనగా: నేను ఒంటరిగా ఆడుచున్నాను, ఎదుట ప్రత్యర్థి లేడు, పందెము లేదు, నేనెవరిని మోసగించుచున్నాను?

ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. వ్రేళ్లు వణకు వృద్ధునకు, దినమున అరగంట తీరిక మాత్రమే గల ఉద్యోగికి ఆ వెసులుబాటు లేనిచో ఆటయే లేదు. పులి మేక ఆడునప్పుడు పసివాడు పొరపాటున మేకను పులి నోటికందించిన, మన తాతలు నవ్వి, “పోనీలే, తిరిగి పెట్టుకో నాయనా” అనెడివారు. అది మోసము కాదు, దయ. ఇద్దరికిని తెలిసి బహిరంగముగా జరిగినది. అదే పసివాడు తాత అటు తిరిగినప్పుడు మేకను జరిపిన, అది దొంగతనము. ఎత్తుగడ రెండుచోట్లను ఒక్కటియే, దాచుటలోనే భేదమున్నది. కావున కాలమును వెనుకకు త్రిప్పుకొనువాడు త్రిప్పితినని చెప్పుకొన్నంతవరకు తప్పులేదు. త్రిప్పి త్రిప్పి గెలిచి, మూడు ప్రాణములతోనే గెలిచితినని బిడ్డయెదుట మీసము దువ్వినచో, అది సరిచూడని నకలుపై సంతకము చేయుటతో సమానము.

ఇందులో ఇంకొక సంగతి కలదు. నాడు నియమమునకు యంత్రమే కాపలా కాచెను. వెనుకకు పోవలెనన్నను దారి లేకుండెను. నేడు కాపలాదారు లేడు. ఇంటిలో బియ్యము లేక పస్తున్నవానిని ఏకాదశి వ్రతము చేసినవాడనరు. వంటయిల్లు నిండియుండగా, ఎవరును అడ్డుపడకుండగా, తన సంకల్పముచేత తినక యున్నవాడే వ్రతపరుడు. అట్లే వెనుకకు త్రిప్పు మీట వ్రేలిక్రిందనే యుండగా దానిని ముట్టక, పడిన ప్రతిసారియు మొదటికి వచ్చి ఆడువాడు నాటి బాలునికి లేని గౌరవము నొకదానిని సంపాదించుచున్నాడు. నాటి నిర్బంధము నేడు వ్రతమైనది.

మూడవ ప్రశ్నను ముగింతము. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము కంప్యూటరు ప్రోగ్రాములును రక్షణ గల కృతులే. ఆట పాతబడినంతమాత్రమున దానికి యజమానుడు లేడనరాదు. ఐనను అమెరికాలో 2023లో వెలువడిన పరిశీలన యొకటి, 2010కి పూర్వము ఆ దేశమున విడుదలయిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవని తేల్చినది. అమ్మువాడు లేడు, కాపాడువాడు లేకున్న అవి నశించును. అమ్మకమునకున్నదానిని కొని ఆడవలెను. ఇతరుల శ్రమను నకలు తీసి సొమ్ము చేసికొనుట యెప్పుడును తగదు. దొరకనివానిని గ్రంథాలయములు పుస్తకములవలె భద్రపరచుటకు యజమానులును, చట్టమును దారి చూపవలెను.

ఇంతటి విచారము వట్టి బొమ్మలాటకొరకేనా యని చదువరులు అడుగవచ్చును. హొసూరనగా కన్నడమున క్రొత్త ఊరని యర్థము. ఆ క్రొత్త ఊరు ఎన్నడో పాతదైనది. సేలము జిల్లాలోనుండి 1965లో ధర్మపురి జిల్లాలోనికి, 2004లో కృష్ణగిరి జిల్లాలోనికి వచ్చినది. కచ్చేరి దస్త్రముల తలకట్టు మారినది. ఇంటిలో మన తెలుగు నిలిచినది. నిలుచుటకు కారణము మన గొప్పతనము కాదు. మన అవ్వలకు వేరొక భాష అంతగా రాదు; తెలుగు వారికి తప్పనిసరి. నేటి బిడ్డలకు అట్లు కాదు. 2006 నాటి తమిళనాడు చట్టముచే పాఠశాలలలో తమిళము తప్పనిసరి మొదటి భాషయైనది. ఇంగ్లీషు ఉద్యోగభాష. బెంగుళూరున కన్నడము వినబడును. ఇన్నిటి నడుమ తెలుగునకు ఏ కాపలాయు లేదు. వెనుకటి నిర్బంధము పోయినది. ఇక మిగిలినది వ్రతమే.

నకలు న్యాయము కూడ ఇక్కడ చెల్లును. మన అవ్వల నోటి తెలుగులో తమిళపు మాటలు, కన్నడపు యాసలు కలసియున్నవి. వానిని తప్పులని తలచి పుస్తకపు తెలుగుతో దిద్ది బిడ్డలకు నేర్పినచో, మనము అందించునది దిద్దిన నకలగును. స్పేస్ ఇన్వేడర్స్ రచయిత యంత్రపు అశక్తతను ఆటకు ప్రాణముగా నిలిపినట్లు, మనమును ఆ పలుకుబడిని ఉన్నదున్నట్లే నిలుపవలెను. పుస్తకపు తెలుగు దాని ప్రక్కన నుండవచ్చును; దాని స్థానమున కూర్చుండరాదు.

కావున తండ్రులు సెలవునాడు పాత ఆటలను నిస్సంకోచముగా ఆడుదురు గాక. మారియో గోతిలో పడినప్పుడు మరల మొదటినుండి యారంభించు ఓర్పును బిడ్డలకు చూపుదురు గాక. ఆ ప్రక్కనే తాతలు సుద్దముక్కతో నేలపై పులి మేక గీచి, ఎత్తు తెలుగులోనే చెప్పి ఆడింతురు గాక. యంత్రము ఏదైనను కావచ్చును. ఎవరును చూడనప్పుడు గూడ నియమము తప్పకుండుటయే పెద్దలు పిన్నలకు నేర్పవలసినది.