సెలవు ఎవరిది?

ఆత్మకూరులో బడులు మూయుటకు వారము దినములు ముందుగనే తలిదండ్రులు నన్ను కలసి యడుగు ప్రశ్న యొక్కటియే: "సార్, ఈ సెలవుల్లో పిల్లోనికి ఏం నేర్పియ్యమంటారు?" ఏమియు నేర్పింపవలదని నేను చెప్పినచో పరిహాసమాడుచున్నాననుకొందురు. 2025లో మన రాష్ట్రమున వేసవి సెలవులు ఏప్రిల్ 24 మొదలు జూన్ 11 వఱకు, అనగా 49 దినములు. ఇన్ని దినములు ఊరక పోనిచ్చుటయా యని వారి భయము.

ఆ భయమును నేను నిందింపజాలను. అది నాకును ఉండెను. కొన్ని యేండ్ల క్రిందట పదియేండ్ల నా కుమారునకు స్వయముగా వేళల పట్టిక వ్రాసి గోడకంటించితిని. ఉదయము 6 గంటలకు శ్లోకములు, 7 గంటలకు ఇంగ్లీషు వ్యాకరణము, పిమ్మట గణితము, మధ్యాహ్నము చేవ్రాత. ఆటకు సైతము సాయంకాలము 5 మొదలు 6 వఱకు గంటసేపు కేటాయించితిని. వాడు ఎదిరింపలేదు. పదునైదు దినములు చెప్పినట్లు నడచెను. పదునాఱవ దినమున అన్నము తినుచు తలయెత్తి, "నాయనా, సెలవులెప్పుడిస్తారు?" అనెను. వెక్కిరించుటకు కాదు; నిజముగనే తెలియక యడిగెను.

తెలుగున సెలవనగా అనుజ్ఞ యని యర్థము. ఇచ్చువాడొకడు, పుచ్చుకొనువాడొకడు. ఇచ్చినది మనమే కావున మరల తీసికొనవచ్చునను తలంపు ఆ మాటలోనే దాగియున్నదేమో! సంస్కృతమున దీనికి అనధ్యాయమని పేరు. మనుస్మృతి నాలుగవ యధ్యాయమున పూర్ణిమ, అమావాస్య, అష్టమి, చతుర్దశులయందును, ఉరుములు ఉఱిమినప్పుడును చదువరాదని నిషేధము కలదు. ఆ నిషేధములకు కారణము శిశువాత్సల్యము కాదు, ఆచారమే. అయినను చదువుట సైతము దోషమగు దినములు కొన్ని యుండవలెనని పూర్వులు భావించిరనుట గమనింపదగినది. ఇక స్కూలు అను మాటయో, తీరిక యను నర్థముగల గ్రీకు శబ్దమునుండి పుట్టినది.

అనధ్యాయమనగానే నాకు భవభూతి జ్ఞప్తికి వచ్చును. ఉత్తరరామచరితము నాలుగవ యంకమున వాల్మీకి యాశ్రమమునకు పెద్దలు అతిథులుగా వచ్చుటచే వటువులకు సెలవు దొరకినది. పిల్లలు కేకలు వేయుచు నాడుకొనుచుండగా, ఆ గుంపులోనే కౌసల్య లవుని చూచి, రాముని పోలిక గుర్తించి నివ్వెఱపోవును. ఇంతలో తోడి బాలురు పరుగున వచ్చి, గుఱ్ఱమను జంతువు వచ్చినదని, దాని తోకను డెక్కలను వర్ణించి లవుని లాగుకొనిపోదురు. అంతవఱకు పేరు మాత్రము విన్న గుఱ్ఱమును వారు కన్నులార చూచినది ఆనాడే. ఆ దినమున వాల్మీకి ప్రత్యేక తరగతులు పెట్టియుండినచో అవ్వ మనుమని చూచియుండెడిదా?

స్వేచ్ఛగా వదలినచో పిల్లలు సెల్‌ఫోనునకు అతుక్కొనిపోరా యందురు. పోవుదురు. కాని ఫోను చూచుట తీరిక కాదు. అదియు పరులు వ్రాసిపెట్టిన పట్టికయే. దానిని తీసివేసినచో మొదటి మూడు నాలుగు దినములు పిల్లలు విసిగి, ఏమి చేయుదుమని మనలను వేధింతురు. ఆ వేధింపునకు ఓర్వలేకయే మనము వేసవి శిబిరములకు రుసుము చెల్లించుచున్నాము. అది బాలుని మేలుకొఱకని చెప్పుకొనుటకంటె మన నెమ్మదికొఱకని యొప్పుకొనుట నిజాయితీ.

ఇంతకంటె బరువైన యాక్షేపణ మఱియొకటి కలదు. సెలవులనగా కూలిదినములైన పిల్లలు నా తరగతిలోనే యున్నారు. బడి మూసిన నాటినుండి వారు మేకల వెంటనో, ఇటుకబట్టీలకో పోవుదురు. మధ్యాహ్న భోజనమును పోవును. కఱవు ప్రాంతములలో వేసవి సెలవులలోను ఆ భోజనము పెట్టవలెనని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశింపవలసివచ్చినది. తీరిక మేలనుట కడుపు నిండినవాని మాటగా మిగిలిపోరాదు. ఆ పిల్లలకు పట్టిక వ్రాసినది దారిద్ర్యము; నా కుమారునకు వ్రాసినది నా యాశ. ఉభయత్ర పోయినది బాలుని కాలమే. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణము విశ్రాంతిని, ఆటను హక్కులుగా చెప్పినది; 1992లో భారతదేశము దానిని అంగీకరించినది. హక్కునకు ఇంకొకరి యనుజ్ఞ యేల?

నాటి రాత్రియే పట్టికను చించివేసితిని. మిగిలిన దినములలో వాడేమి నేర్చెనో నేను చెప్పజాలను. ఒకనాడు వాని యవ్వ వానిని సంగమేశ్వరమునకు తోడ్కొనిపోయెను. శ్రీశైలము జలాశయమున మునిగియుండు ఆ గుడి, వేసవిలో నీరు తగ్గినప్పుడు మాత్రమే బయటపడును. తిరిగివచ్చి వాడు గుడినిగూర్చి ఒక్క మాటయు చెప్పలేదు. బురద యెండి పెంకులుగా లేచియున్న తీరును, ఆ పగుళ్ళలో తనకు దొరకిన నత్తగుల్లను గూర్చి రాత్రి చాల ప్రొద్దుపోవు వఱకు చెప్పెను. ఆ గుల్ల ఇప్పటికిని మా యింటి కిటికీలోనే యున్నది.