బల్లపరుపు ధైర్యం

మా కృష్ణా డెల్టాని తయారు చేసేటప్పుడు బ్రహ్మదేవుడు రూళ్లకర్ర పక్కన పెట్టుకుని కూచున్నాడు కాబోలు. బందరులో నిలబడి ఎటు చూసినా నేల బల్లపరుపే. గుడివాడలో పాత బౌద్ధస్తూపం తాలూకు దిబ్బ ఒకటి ఉంది గనక అక్కడివాళ్లు మాకంటే కాస్త ఎత్తు ఎరిగినవాళ్లు. ఇక దివిసీమలో పులిగడ్డ దగ్గర పెనుమూడి వారధి ఎక్కడమే కొండెక్కడం. నిజం కొండ చూడాలంటే బెజవాడ పోయి ఇంద్రకీలాద్రి కేసి తలెత్తవలసిందే.

ఇలాంటి నేల మీద మోటారు సైకిలు నేర్చిన కుర్రాడికి ధైర్యం బహు చవగ్గా దొరుకుతుంది. గుడివాడ నించి గుడ్లవల్లేరు, పెడన మీదుగా బందరు వస్తున్నాడనుకోండి. ఎదురుగా వచ్చే బస్సు అల్లంత దూరాన్నించే కనిపిస్తుంది. వరిచేను చూపుకి అడ్డం రాదు, ఆకాశం అంతకన్నా అడ్డం రాదు. బండి కొన్న నెల్లాళ్లకే హెల్మెట్టు మోచేతికి తగిలించి, ఒంటి చేత్తో నడుపుతూ, రెండో చేత్తో జుట్టు సవరించుకునే స్థాయికి వస్తాడు. రెండో నెలలో స్నేహితులంతా కలిసి, మంచు చూద్దామంటూ ఏ మారేడుమిల్లికో, అరకుకో బయల్దేరతారు.

రంపచోడవరం దాటేదాకా మనవాడే రాజు. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ రోడ్డులో పడ్డాక మొదటి పెద్ద మలుపులో రోడ్డు కాస్తా మాయమవుతుంది. ఇటు కొండ గోడ, అటు లోయ, ముందు ఏమీ లేదు. చేతులు కొయ్యబారిపోతాయి. బ్రేకు మీంచి కాలు తీయడు. వెనకనించి బస్సు హారను. నిన్నటిదాకా ఉన్న ధైర్యం ఏమైపోయినట్టు? ఉన్నది పోయిందా, లేక అసలు లేనే లేదా?

లేనే లేదని నా అనుమానం. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్, ధైర్యంలా కనిపించి ధైర్యం కానివి కొన్ని ఉన్నాయని లెక్కపెట్టి చెప్పాడు. వాటిలో రెండు మన కుర్రాణ్ణి చూసి రాసినట్టుంటాయి. ఒకటి, అపాయం ఉందని తెలియక ముందుకు పోయేవాడిది. రెండోది, ఇదివరకు చాలాసార్లు గెలిచాను గనక ఈసారీ గెలుస్తాననుకునేవాడిది. అసలు సంగతి తెలిసిన మరుక్షణం వీళ్లిద్దరూ నిలబడరంటాడు. మన మాటలోనూ ఈ మర్మం ఉంది. ధైర్యమన్నది ధీరుడి గుణం. ధీరుడంటే చలించనివాడనీ, వివేకం గలవాడనీ రెండర్థాలు. తెలివిలేని నిబ్బరానికి మన పెద్దలు ఆ పేరు పెట్టలేదు. బల్లపరుపు నేల మీద మనకుండేది ధైర్యం కాదు, భయపడవలసిన అవసరం రాకపోవడం. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి, కొండ వచ్చేదాకా.

ఘాట్ కింద టీ కొట్టు దగ్గర ఇలాంటి కుర్రాడికీ ఓ వయసు మళ్లిన లారీ డ్రైవరుకీ జరిగిన సంభాషణ విన్నాను.

“ఏ వూరు బాబూ మీది?”

“గుడివాడ దగ్గరండీ.”

“అదీ సంగతి. బండి తోలడం బాగానే వచ్చు. రోడ్డు చూడ్డమే రాలేదు.”

“మలుపు అవతల ఏముందో కనిపించందే ఎలా చూసేదండీ?”

“కనిపించనిదాన్ని చూడమని ఎవరన్నారు బాబూ? కనిపించినంత మేరకే తోలు.”

వినడానికి చిన్న మాటే. లెక్క వేసి చూస్తే చాలా పెద్దది. గంటకి 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 11 మీటర్లు. 60 అయితే దాదాపు 17. సంగతి మనసుకెక్కి, కాలు బ్రేకు మీద పడేసరికి ఇంచుమించు ఒక సెకను గడిచిపోతుంది. పైగా వేగం రెట్టింపయితే, బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం రెట్టింపుతో సరిపెట్టుకోదు, నాలుగింతలవుతుంది. అంచేత మలుపులో 40 మీటర్ల రోడ్డే కనిపిస్తుంటే, ఆ 40 మీటర్లలో ఆగగలిగిన వేగమే మన వేగం. ఇరుకు రోడ్డయితే అదీ కాదు, 20 మీటర్లలోనే ఆగాలి. అవతలినించి వచ్చేవాడికీ ఆగడానికి చోటుండాలి కదా! కనిపించే రోడ్డులో సగం మనది, సగం ఇంకా కనిపించని మనిషిది.

మిగతా నేర్పంతా ఈ లెక్క వెంట నడిచేదే. వేగం తగ్గించడం మలుపుకి ముందే, బండి నిటారుగా ఉండగానే జరిగిపోవాలి. వాలిన బండి మీద బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం పట్టు తప్పుతుంది. దిగేటప్పుడు బండిని కింది గేరులో ఉంచితే ఇంజనే దాన్ని పట్టి ఉంచుతుంది. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్లో వదిలేస్తే భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి సడలిపోతాయి. ఇక చూపు. లోయ కేసి చూస్తే బండి లోయ కేసే లాగుతుంది. మలుపు చివరికి చూస్తే అటే తిరుగుతుంది. భయపడ్డ కన్ను భయపెట్టేదాన్నే చూస్తుంది, చెయ్యి కన్ను వెంట పోతుంది. సంసారంలోనూ ఇంతేనంటే వేదాంతం మొదలెట్టాడంటారు, ఊరుకుంటాను.

ఇన్ని సంగతులు గుర్తుపెట్టుకుని బండి నడిపేదెలాగంటారా? విమానం కనిపెట్టిన రైట్ సోదరులు మొదట సైకిళ్ల వ్యాపారులు. వాళ్లలో పెద్దవాడైన విల్బర్, ఎడమకి తిరగాలంటే ఏం చేస్తారని సైకిలు తొక్కేవాళ్లని చాలామందిని అడిగితే, ఒక్కరూ పూర్తిగా సరైన జవాబు చెప్పలేదట. నిజానికి ఎడమకి తిరగాలంటే ముందు హ్యాండిలు ఒక్క పిసరు కుడికి తిరగాలి. అప్పుడే బండి ఎడమకి వాలుతుంది. జవాబు తెలియకపోయినా వాళ్లంతా రోజూ హాయిగా తిరుగుతూనే ఉన్నారు. నిదానంగా పదిసార్లు చేయనిస్తే ఒళ్లు తనంత తానే నేర్చుకుంటుంది. మనం దాన్ని కంగారు పెట్టకుండా ఉంటే చాలు.

కంగారు పెట్టేది కొండ కాదు, ఎక్కువసార్లు స్నేహితులే. ముందు బళ్లు మలుపు దాటిపోయాయి. వెనకబడితే సాయంత్రం టీ దగ్గర నవ్వుతారు. ఆ నవ్వుకి భయపడి లోయకి భయపడ్డం మానేస్తాడు కుర్రాడు. దీన్నే జనం ధైర్యమంటారు! ఇది అప్పు తెచ్చుకున్న ధైర్యం. మామూలు అప్పుకి పొలమో నగో తాకట్టు పెడతాం. ఈ అప్పుకి తాకట్టు ప్రాణం. మంచి స్నేహితులైతే అందరికన్నా కొత్తవాడి వేగాన్నే గుంపు వేగం చేసుకుంటారు.

“నా ప్రాణం, నా ఇష్టం” అంటాడేమో ఆ కుర్రాడు. కన్నవాళ్ల మాట కాసేపు పక్కన పెట్టి, సరేననుకుందాం. మరి మలుపు అవతలివాడి ప్రాణం ఎవరి ఇష్టం? నెత్తిన కట్టెలమోపుతో రోడ్డు దాటుతున్న ఆడమనిషిని నీ సాహసంలో వాటా తీసుకోమని నువ్వు అడిగావా? తన ప్రాణాన్ని ఒడ్డినవాణ్ణి సాహసి అంటాం. చెప్పకుండా పక్కవాడి ప్రాణాన్ని ఒడ్డినవాణ్ణి అలా అనడానికి నోరు రాదు. ఇంట్లో కూచుని ఆత్మవిశ్వాసం గురించి ఆలోచించేటప్పుడు అది మన ఒక్కరి సొంత వ్యవహారంలాగే ఉంటుంది. మలుపులో కాదు.

ఈ ధర్మం నియమాల్లోనూ ఉంది. ఇరుకైన కొండదారిలో దిగేవాడు ఎక్కేవాడికి దారివ్వాలని మన దేశపు రోడ్డు నిబంధన. ఎక్కే బండి ఒకసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం గనక, సులువుగా పోయేవాడే కష్టపడేవాడి కోసం ఆగాలి. తిరుమల కొండకి మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. పాతదారిన దిగడం, కొత్తదారిన ఎక్కడం. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టి తీరాలని దేవస్థానం వారు నియమం పెట్టారు. దిగడానికే ఎక్కువసేపు! శ్రమ లేని చోటే జాగ్రత్త ఎక్కువ కావాలని దాని భావం.

అలాగైతే భయం మంచిదేనా? ఆ మాట దివిసీమని అడగాలి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అయినా అక్కడివాళ్లు సముద్రాన్ని విడిచిపెట్టలేదు. నాగాయలంక, కోడూరు పక్క ఊళ్లనించి ఇవాళ్టికీ వేటకి పడవలు వెళుతూనే ఉన్నాయి. కాకపోతే గాలి తిరిగితే తలెత్తి చూస్తారు, తుఫాను కబురంటే చెవి ఒగ్గి వింటారు. భయం వాళ్లని ఇంట్లో కూచోబెట్టలేదు, ఆకాశం చూడ్డం నేర్పింది. భయాన్ని అలా కాపలాకి పెట్టుకున్నవాడే నా దృష్టిలో ధైర్యవంతుడు.

కొండలు లేవే, ఎక్కడ నేర్చుకునేదని బెంగ అక్కర్లేదు. మన కాలువగట్లు లేవూ? నీళ్లు ఎటు వంపు తిరిగితే రోడ్డూ అటే తిరుగుతుంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పల్లంలో చేను. మలుపు తిరిగేసరికి ఆరబోసిన ధాన్యమో, గడ్డి ట్రాక్టరో, గేదెల మందో ఉంటుంది. ఎత్తు లేదన్నమాటే గాని ఇదీ ఘాట్ రోడ్డే. తెలిసిన మలుపే కదా అనుకోకుండా, ప్రతి దానికీ ముందే వేగం తగ్గించి, చూపు చివర నిలిపి, కనిపించినంత మేరకే పోతూ నెల్లాళ్లు తిరగండి. తర్వాత ఇంద్రకీలాద్రి ఘాట్, ఆ తర్వాతే అరకు. మన డెల్టా మట్టి కూడా కొండల్లోంచి ఒండ్రుగా నిదానంగా దిగి వచ్చిందే, తొందరపడి వచ్చింది కాదు.

ధైర్యం వచ్చిందో లేదో తెలిసేదెలా? స్పీడోమీటరు చెప్పదు, స్నేహితులు చెప్పరు. వెనక సీట్లో కూచున్న మనిషి చెబుతుంది. మొదటి మలుపులో భుజాన్ని గట్టిగా పట్టుకున్న ఆ చెయ్యి, పదో మలుపుకి కాస్త వదులై, “అదుగో, ఆ పక్కన చెట్లేమిటండీ, కాఫీ తోటలా?” అని చూపించడానికి పైకి లేచిందనుకోండి, మీరు బండి నడపడం నేర్చుకున్నట్టే. చెట్ల కేసి మాత్రం మీరు చూడకండి. బండి ఆపాక చూద్దురు గాని.