ఓటమికి కర్త ఎవరు?

ఒక కార్యము పలువురి చేతుల మీదుగా నడచి, కడపటి చేతిలో చెడిపోయినప్పుడు ఆ దోషము ఎవరిది? కడపటివానిదా? అందరిదా? లేక దైవముదా? ఈ ప్రశ్న వేదాంత గ్రంథములందు మాత్రమే పుట్టునది కాదు. పెండ్లివారి వంటశాలలో, పరీక్షా ఫలితములు వెలువడిన నాటి సాయంకాలమున, రోగి మంచము ప్రక్కన, ప్రతి గృహస్థునకును ఇది ఎదురగునదే. ఒక్కొక్కప్పుడు లోకమంతయు చూచుచుండగా ఆటస్థలమున గూడ ఇది నిలువబడును. అట్టి సందర్భము నొకదానిని తీసికొని ఈ విషయమును విచారింతము.

1994వ సంవత్సరము జూలై 17వ తేదీ. అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రమునందలి పాసడీనా నగరములో రోజ్ బౌల్ అను విశాల క్రీడాప్రాంగణము. ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీలలో అంతిమ సమరము. ఒక వైపు బ్రెజిల్, మరియొక వైపు ఇటలీ. అప్పటికి ఈ రెండు దేశములును చెరి మూడు పర్యాయములు ప్రపంచ విజేతలు. మధ్యాహ్నపు టెండలో 94,000 మందికి పైగా ప్రేక్షకులు కూర్చుండియుండిరి. నియమిత కాలమైన 90 నిమిషములు గడచెను. అదనముగా ఇచ్చిన 30 నిమిషములును గడచెను. ఇరుపక్షములలో నెవ్వరును ఒక్క గోల్ అయినను చేయజాలకపోయిరి.

అట్టి సమయమున జయాపజయములను నిర్ణయించుటకు ఆ క్రీడలో ఒక పద్ధతి కలదు. దానిని పెనాల్టీ షూటౌట్ అందురు. గోల్ స్తంభముల మధ్య దూరము 8 గజములు. అడ్డుకమ్మి ఎత్తు 8 అడుగులు. దానికి 12 గజముల దూరమున ఒక గుర్తుపై బంతి నుంచెదరు. గోల్‌కీపరు ఒక్కడే ఎదుట నుండును. ఒక్కొక్క జట్టునుండి ఐదుగురు ఆటగాండ్రు, వంతులవారీగా, ఒకరి తరువాత నొకరు వచ్చి బంతిని తన్నవలెను. ఎవరి లెక్క అధికమైన వారిదే విజయము. ఈ పద్ధతి 1970లో ఆట నియమములలో చేరినది. అంతకు పూర్వము ఇట్టి చిక్కును కొన్ని పోటీలలో నాణెము నెగురవేసి తీర్చుకొనెడివారు. 1968లో ఐరోపా ఖండపు పోటీలలో ఇటలీ, సోవియట్ రష్యాలు నేపుల్స్ నగరమున గోల్ లేకుండ సమముగా నిలువగా, ఇటలీని అంతిమ పోటీకి చేర్చినది ఒక నాణెమే. నాణెము పడిన తీరునకు ఆటగాని నెవ్వరును నిందింపలేరు. బంతిని తన్నువాడు కంటి కగపడును గనుక, ఈ క్రొత్త పద్ధతిలో నింద నిలుచుటకు ఒక మనుష్యుడు దొరకెను.

నాటి పోటీలో మొదట వచ్చినవాడు ఇటలీ నాయకుడు ఫ్రాంకో బరేసి. అదే పోటీల ఆరంభ దశలో మోకాలు దెబ్బతిని, శస్త్రచికిత్స చేయించుకొని, నాలుగు వారములైనను నిండకమునుపే తిరిగి వచ్చి, 120 నిమిషములు కోటగోడవలె నిలిచినవాడు. అతడు తన్నిన బంతి కమ్మిపై నుండి పోయెను. బ్రెజిల్ పక్షమున మార్సియో సాంతోస్ తన్నిన బంతిని ఇటలీ గోల్‌కీపరు పాల్యూకా ఆపెను. ఆపై ఇరుపక్షముల వారును రెండేసి గోల్స్ చేసిరి. అందు రొమారియో తన్నిన బంతి స్తంభమునకు తగిలి లోనికి పోయెను. నాలుగవ వంతున ఇటలీకి చెందిన మస్సారో బంతిని బ్రెజిల్ గోల్‌కీపరు తఫారెల్ ఆపెను. బ్రెజిల్ నాయకుడు డుంగా గోల్ చేసెను. లెక్క 3-2. ఇటలీ ఐదవ ఆటగాడుగా రాబర్టో బాజియో నడచి వచ్చెను.

ఈ బాజియో సామాన్యుడు కాడు. 1993లో ఐరోపా ఖండమున ఉత్తమ క్రీడాకారునిగా బహుమానమందినవాడు. నైజీరియాతో జరిగిన పోటీలో, 88వ నిమిషము వరకు ఓడుచున్న ఇటలీని సమము చేసి, అదనపు సమయమున గెలిపించినది అతడే. స్పెయిన్‌పై 88వ నిమిషమున విజయము నిచ్చినది అతడే. బల్గేరియాపై రెండు గోల్స్‌ను చేసినది అతడే. ఓడినవారు ఇంటికి పోవలసిన ఆ దశలో, అంతిమ సమరమునకు ముందు ఇటలీ చేసిన 6 గోల్స్‌లో 5 అతనివి. బల్గేరియాతో ఆడునప్పుడు తొడ కండరము దెబ్బతిన్నను, నాలుగు దినములకే మరల ఆడుటకు వచ్చినవాడు. అతడు పరుగిడి తన్నెను. బంతి అడ్డుకమ్మిపై నుండి ఆకాశమున కెగసెను. బ్రెజిల్ వారు హర్షధ్వానములు చేయుచు పరుగులిడిరి. నడుముపై చేతులుంచుకొని, తల వంచి, ఆ గుర్తు వద్దనే నిలిచిపోయిన బాజియో చిత్రము లోకమంతట వ్యాపించెను. ప్రపంచ కప్పు అంతిమ విజేతను ఈ పద్ధతిలో నిర్ణయించుట అదియే ప్రథమము. నాటినుండి నేటివరకు, ఆ పోటీ మాట వచ్చినచో, “బాజియో పోగొట్టినాడు” అనుటయే పరిపాటి.

ఇచట ఒక చిన్న లెక్కను గమనింపవలెను. బాజియో తన్నునప్పటికి బ్రెజిల్‌కు ఇంకను ఒక అవకాశము మిగిలియున్నది. అతడు గోల్ చేసియున్నను లెక్క 3-3 అగునే గాని ఇటలీ గెలిచెడిది కాదు. అతనికి ముందే బరేసి తప్పెను, మస్సారో తప్పెను. అంతకు ముందు 120 నిమిషములలో జట్టు మొత్తము కలిసి ఒక్క గోల్ చేయలేకపోయెను. ఆటలో ఒకప్పుడు పాల్యూకా చేతినుండి జారిన బంతి స్తంభమునకు తగిలి వెనుకకు వచ్చినది. అతడు కృతజ్ఞతతో ఆ స్తంభమును ముద్దిడుకొనెను. అది ఒక అంగుళము ఇటు తగిలియున్నచో షూటౌట్ వరకు ఆట వచ్చెడిదే కాదు. ఇన్ని కారణముల గొలుసులో కడపటి ముడిని పట్టుకొని, గొలుసంతయు అదియే యనుట సత్యమగునా?

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున శ్రీకృష్ణ పరమాత్మ ఏ కర్మ సిద్ధించుటకైనను ఐదు కారణములను చెప్పియున్నాడు. అవి అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము. భగవద్రామానుజులవారు తమ గీతాభాష్యమున అధిష్ఠాన మనగా శరీరమనియు, కర్త జీవాత్మయనియు, కరణములు మనస్సుతో గూడిన కర్మేంద్రియములనియు, చేష్ట పంచప్రాణముల వ్యాపారమనియు, ఐదవదైన దైవము అంతర్యామియైన పరమాత్మయే యనియు వివరించిరి. ఇట్లుండగా తానొక్కడే కర్త నని భావించువాడు సరిగా చూచువాడు కాడని గీతోపదేశము. ఈ మాటను మనము సామాన్యముగా విజయము పొందినవాని గర్వమును అణచుటకు వాడుదుము. కాని అది ఓడినవానికి గూడ అంతే వర్తించును. “నేనే గెలిచితిని” అనుట ఎంత అజ్ఞానమో, “నేనొక్కడనే చెరచితిని” అని క్రుంగుటయు అంతే అజ్ఞానము. “వాడొక్కడే చెరచినాడు” అనుట అజ్ఞానమే గాక క్రౌర్యము గూడ.

ఇంతట ఒక ఆక్షేపణ రావచ్చును. అన్నిటికిని ఐదు కారణములని, అందు దైవ మొకటియని చెప్పినచో, అజాగ్రత్తగా పనిచేసినవాడు గూడ దైవముపై భారము వేసి తప్పించుకొనడా? పూర్వాచార్యులు ఈ సందేహమును ఎరుగనివారు కారు. రామానుజులవారు అచ్చటనే ఒక చక్కని దృష్టాంతము చూపిరి. మిక్కిలి బరువైన బండను గాని, మహావృక్షమును గాని పలువురు కలిసి కదలింతురు. ఆ కదలికకు అందరును కారణమే. అట్లని ఏ యొక్కనికిని విధినిషేధములు తొలగిపోవు. ప్రతివాడును తన పట్టునకు తాను బాధ్యుడు. అనగా మోకులో తన పోగునకు తాను జవాబుదారి; మోకంతటికిని కాదు. ఇది బాధ్యతను తగ్గించు మాట కాదు. ఎవరి బాధ్యతను వారికి సరిగా కొలిచి యిచ్చు మాట.

బాజియో తదుపరి జీవితము ఈ కొలతకు నిదర్శనము. ఒకసారి అంత అపకీర్తి మూటగట్టుకొన్నవాడు మరల ఆ గుర్తువైపు చూడననియు అనవచ్చును. 1998లో ఫ్రాన్సు దేశమున జరిగిన ప్రపంచ కప్పులో, బోర్డో నగరమున చిలీపై ఇటలీ 1-2తో వెనుకబడియుండగా, ఆట ముగియనున్న వేళ పెనాల్టీ లభించెను. బాజియోయే బంతిని ఆ గుర్తుపై నుంచి, గోల్ చేసి, ఆటను సమము చేసెను. అదే పోటీలలో జూలై 3న ఫ్రాన్సుతో మరల షూటౌట్ వచ్చినప్పుడు ఇటలీ పక్షమున మొదట నడచినది అతడే, గోల్ చేసినాడు. అయినను ఇటలీ ఓడెను. ఈసారి కడపటి బంతి మరియొకనిది; అది కమ్మికి తగిలి తిరిగి వచ్చెను. తాను తప్పిననాడు జట్టు ఓడినది, తప్పనినాడును ఓడినది. 2006లో బెర్లిన్ నగరమున అంతిమ పోటీలో ఇటలీ షూటౌట్‌లోనే గెలిచి కప్పు నందుకొన్నప్పుడు అతడు జట్టులోనే లేడు. కర్మ మన అధీనము, ఫలము మన అధీనము కాదు అను మాటకు ఇంతకన్న స్పష్టమైన వ్యాఖ్యానము ఆటస్థలమున దొరకుట అరుదు.

నింద యొక్క కడపటి రూపమేదో గూడ ఆ 1994వ సంవత్సరమే చూపినది. అదే రోజ్ బౌల్ ప్రాంగణమున జూన్ 22న అమెరికాతో ఆడుచు, కొలంబియా జట్టు రక్షకుడు ఆంద్రేస్ ఎస్కోబార్, ఎదిరి పంపిన బంతిని ఆపబోగా అది తన గోల్‌లోనికే పోయెను. కొలంబియా 1-2తో ఓడెను. పది దినములకు, జూలై 2న, తన స్వస్థలమైన మెడెల్లిన్ నగరమున అతడు తుపాకి గుండ్లకు బలియయ్యెను. లోకము ఆ మరణమును ఆ గోల్‌తో ముడిపెట్టియే నేటికిని తలచుకొనుచున్నది. ఆటను ఆటగా చూడలేని మనస్సు ఎంతదూరము పోగలదో తలచినచో గుండె ఝల్లుమనును.

మనమెవ్వరమును అంతటి కఠినులము కామని అనుకొందుము. కాని తుపాకి లేకుండనే గాయపరచు మాటలు మన ఇండ్లలో లేవా? నేనెరిగిన ఒక కుటుంబమున నలుగురు అన్నదమ్ములు. మంచము పట్టిన తండ్రికి రెండు సంవత్సరములు వంతులవారీగా సేవ చేసిరి. ఒకనాటి రాత్రి కడపటి తమ్మునిది వంతు. తెల్లవారుజామున అతనికి కునుకు పట్టినది. మేల్కొని చూచునప్పటికి తండ్రి శ్వాస ఆగియున్నది. కర్మలు జరుగుచున్న ఇంటిలో పెద్దన్నగారు దుఃఖము పట్టలేక, “నువ్వు కునుకు తీయకుండా ఉంటే నాన్నగారు దక్కేవారురా” అనెను. అన్నవారు ఆ మాటను మరచిరి. విన్నవాడు మరువలేదు. అతడు చేసిన రెండేండ్ల సేవలో ఆ కునుకు ఎంత? కాలము తీరిన వృద్ధుని ప్రాణమునకు ఆ కునుకు కారణమా? ఆ ప్రశ్న ఎవ్వరును వేయలేదు. కడపటి రాత్రి అతనిది గనుక మరణము గూడ అతని వంతునకు వచ్చినది.

ఇట్టి వేళ శ్రీరామచంద్రుడు జటాయువును చూచిన తీరు మనకు శరణ్యము. జటాయువు రావణునితో పోరాడెను, ఓడెను. సీతామాతను కాపాడలేకపోయెను. ఫలమును బట్టి చూచినచో అతని ప్రయత్నము విఫలము. రామునకు అంతకు మించిన నష్టము లేదు. అయినను రెక్కలు తెగి నేల గూలిన ఆ పక్షిరాజును, “నీవు ఎట్లు పోనిచ్చితివి?” అని ప్రభువు అడుగలేదు. దశరథునివలె పూజ్యుడని భావించి, తన చేతులతో అంత్యసంస్కారము చేసెను. తెగిన రెక్కలలో ఆయన చూచినది ఓటమిని కాదు, పోరాటమును. ఆ ప్రభువును కొలుచుచు, పడినవానిని మాటతో మరల పడవేయుట మనకు తగునా?

కావున కార్యము చెడినప్పుడు మనము రెండు పనులు చేయవలెను. చెరచినవాడు తామే యైనచో, తమ పట్టు ఎంతవరకో అంతవరకు నిజాయితీగా ఒప్పుకొని, మిగిలిన భారము స్వామి పాదముల చెంత దించి, మరుసటి వంతు వచ్చినప్పుడు వెనుదీయక నడువవలెను. మరియొకడైనచో, ఆ కార్యమున మన పట్టు ఎంత జారినదో ముందు చూచుకొని, తరువాత నోరు తెరువవలెను. పైని చెప్పిన అన్నదమ్ములలో పెద్దవారు ఇంకను జీవించియున్నారు, చిన్నవాడును ఉన్నాడు. మరునాడు సంవత్సరీకమునకు అందరును ఒక పంక్తిని కూర్చుందురు. “ఆ రాత్రి నీది కాదురా, మనందరిదీ” అను ఒక్క మాట చాలును. దానికి ఆలస్యము చేయరాదు. కాలము ఎవరికిని అదనపు నిమిషములు ఇచ్చునన్న నమ్మకము లేదు.