అచేతనము ఏర్చుకొనునా?

అచేతనమైన ప్రధానము, అనగా మూలప్రకృతి, పురుషార్థము కొఱకు తనంతట తానే ప్రవర్తించుననియు, తెలివిలేని పాలు దూడ పెరుగుదలకై పొదుగున స్రవించుటయే దానికి దృష్టాంతమనియు సాంఖ్యులు వాదింపగా, ఆ పాల వెనుక చేతనమైన ధేనువును, దాని వాత్సల్యమును ఉన్నవి గదా యని శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యమున ఆక్షేపించిరి. ఈ పాత వివాదమునకు, చిత్రముగా, పులిసిన పాలలోనుండియే ఒక క్రొత్త సాక్ష్యము లభించినది.

కాకసస్ ప్రాంతపు కెఫీర్ అను పానీయమునందలి లాక్టోబాసిల్లస్ కెఫిర్ అను బాక్టీరియానుండి జర్మనీ శాస్త్రజ్ఞుడు వెర్నర్ హుమ్మెల్ 1990లో ఒక ఎంజైమును వెల్లడించెను. అది అసిటోఫినోన్ అను పదార్థమునకు హైడ్రోజన్ చేర్చి ఆల్కహాలుగా మార్చును. ఆ అసిటోఫినోన్ అణువులో కార్బనును ఆక్సిజనును కూడిన చోటు బల్లపరుపుగా నుండును. హైడ్రోజన్ ఒక ముఖమునుండి చేరిన ఒక ఆల్కహాలును, రెండవ ముఖమునుండి చేరిన, కుడిచేతికి ఎడమచేయివలె, దాని ప్రతిబింబమును ఏర్పడును. ఇదే మార్పును చేయు సోడియం బోరోహైడ్రైడు అను రసాయనమునకు ఈ భేదము పట్టదు, రెంటిని సమపాళ్లలో పుట్టించును. ఈ ఎంజైమో, ఎన్‌ఏడీపీహెచ్ అను సహాయకాణువు అందించిన హైడ్రైడును (హైడ్రోజన్ అయానును) ఒక్క ముఖముననే చేర్చి, ఆ రెంటిలో ‘ఆర్’ అను రూపమునే ఇచ్చును.

ఇంతకంటె విచారణీయమైనది ఇట్టి ఎంజైముల జన్యువులను వేరుచేయు పని. కణములను పగులగొట్టి, ఆ రసమును క్రొమటోగ్రఫీ స్తంభములగుండ పంపి, క్షయకరణశక్తి (హైడ్రోజన్ చేర్చు శక్తి) ఏ భాగమున నిలిచినదో చూచుకొనుచు ప్రోటీనును శుద్ధిచేసి, దాని మొదటి అమైనో ఆమ్లముల వరుసను చదివి, ఆ వరుసకు తగిన చిన్న డీఎన్‌ఏ తునకలతో జన్యువును పట్టి, ఈ.కోలై అను మఱియొక బాక్టీరియాలో ప్రవేశపెట్టుట పరిపాటి. కెఫీరును ఎన్నడు నెఱుగని ఆ ఈ.కోలై అదే ఎంజైమును, అదే పక్షపాతముతో సహా, తయారుచేయును. కుడియెడమల నెఱిగిన మనస్సు ఇందెక్కడను లేదు. ఉన్నది, అణువు ఒక్క తీరుననే ఇమడగల గుంట. ఇట్టి ఎంజైములలో గుంటయందలి అమైనో ఆమ్లములను మార్చి, వ్యతిరేకరూపమును రాబట్టినవారును కలరు.

కనుక నిశితమైన ఎంపికకు చైతన్యము అక్కఱలేదనుటలో సాంఖ్యులే నెగ్గిరి. కాని వారు ప్రయోజనమును కూడ అచేతనమునకే అంటగట్టిరి, అది నిలువదు. కెఫీరు కుండలో బాక్టీరియా బ్రతుకునకును, కర్మాగారమున ఔషధమునకును ఆ ఎంజైము చేయునది ఒక్క పనియే. ఎవరి కొఱకన్నది దానియందు లేదు. అంతమాత్రమున శంకరుల పక్షమువారు దీనిని ఈశ్వరసిద్ధికి ఎత్తుకొనుటయు తొందరపాటే. అట్టి గుంటలు ప్రకృతివరణముచేత దిద్దబడగలవు. పైగా శంకరులకే బ్రహ్మవిషయమున శ్రుతి ముఖ్యప్రమాణము, అనుమానము దానికి తోడు మాత్రమే. ఈ సాక్ష్యము పాలు, దూడల దృష్టాంతము వఱకే చెల్లును; ఈశ్వరుడు కలడా లేడా యను ప్రశ్నను తాకనైన తాకదు.